చీఫ్ గెస్టు కోసం ఆగలేకపోయిన కణాలు

పాథాలజీలో చేరబోయే పిల్లలు ఈమధ్య మా ఇంటికి వచ్చి, "మేడం, సింగిల్ సెల్ సీక్వెన్సింగ్ నేర్చుకోవాలంటే ఏం చదవాలి?" అని అడుగుతున్నారు. ఏం చదవాలో వాళ్ళ ఫోన్లే చెబుతాయి. ఏం భరించాలో చెప్పేవాళ్ళే లేరు. అందుకని ఇది రాస్తున్నాను. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఎవరు అడ్డుపడ్డారు అనే గొడవ ఇందులో లేదు. కర్నూలులో ఒక పెద్దాసుపత్రిలో ఉద్యోగమంతా చేసి రిటైరైనదాన్ని. పుట్టింది ఆత్మకూరులో. నోరు కాస్త పెద్దదని పేరు. ఇంతకుమించి నా గురించి మీకు అక్కర్లేదు.

ఫార్మలిన్ సంసారం

నా ఉద్యోగం చాలా ఏళ్ళు ఒకే తీరుగా నడిచింది. ఆపరేషన్ థియేటర్లో సర్జన్ కోసి తీసిన ముక్క, ఫార్మలిన్ సీసాలో మునిగి నా బల్ల మీదికి వచ్చేది. దాన్ని మైనంలో పోతపోసి, పలచగా తరిగి, రంగు పట్టించి, మైక్రోస్కోపులో చూసి ఇది ఫలానా జబ్బు అని రాసి పంపేదాన్ని. ఫార్మలిన్ పని ఏమిటంటే, కణాలను చంపి ఉన్నవి ఉన్నట్టు నిలబెట్టడం. నేను చింతకాయ పచ్చడి నూరినా అదే వాసన వస్తోందని మా ఆయన అనేవాడు. తినడం మాత్రం మానలేదు.

అలాంటిదాన్ని, రిటైర్మెంట్ కనుచూపు మేరలోకి వచ్చాక పైవాళ్ళు పిలిచి, "ఇకమీదట ముక్కను చంపకూడదమ్మా, బతికుండగానే చదవాలి" అన్నారు. చదవాల్సింది మెదడులోని రక్తనాళాల చిక్కులను. గుండె నుంచి జోరుగా వచ్చే రక్తం సన్నటి నాళాల వలలోకి పారి, నెమ్మదించి, అప్పుడు తిరుగు నాళాల్లోకి చేరాలి. కొందరి మెదడులో ఒకచోట ఆ వల ఉండదు. వచ్చే నాళం పోయే నాళంతో నేరుగా కలిసిపోయి, ఉండ చుట్టుకుని ఉంటుంది. పెద్ద కాలువ నీళ్ళను తూము లేకుండా పంట కాలువలోకి వదిలితే గట్టు ఏమవుతుందో కేసీ కాలువ కింద సేద్యం చేసినవాళ్ళను అడగండి. కొందరికి తలనొప్పి, కొందరికి ఫిట్స్, కొందరు ఉన్నట్టుండి కుప్పకూలిపోతారు.

ఆ ఉండ ఎందుకు పుడుతుంది? పాత పద్ధతిలో అయితే ముక్క మొత్తాన్ని నూరి ఒకేసారి చదివేవాళ్ళం. సంత మధ్యలో నిలబడి సంత ఏమంటోందో రాసుకున్నట్టుండేది. కొత్త పద్ధతిలో ఒక్కో కణాన్ని విడదీసి, నీలో ఏ జన్యువు నడుస్తోంది, ఏది ఆగింది అని విడివిడిగా అడుగుతాం. నాళం గోడ కణం ఏమంటోంది, చుట్టూ ఉన్న కండర కణం ఏమంటోంది, గొడవ విని పరిగెత్తుకొచ్చిన రక్షణ కణం ఏమంటోంది అన్నీ వేర్వేరుగా తెలుస్తాయి. ఒకటే షరతు. ముక్కను ఐసులో పెట్టి, కొన్ని గంటల్లో, ప్రాణంతో తేవాలి.

మొదట వచ్చిన ముక్కలన్నీ శుభ్రంగా ఫార్మలిన్‌లోనే వచ్చాయి. థియేటర్ సిస్టర్ను పిలిచి అరిస్తే ఆమె నింపాదిగా, "ఫార్మలిన్ పొయ్యకుండ పంపిస్తే తిడతాండింది మీరే గదా మేడం" అంది. కాదనడానికి ఏముంది, థియేటర్ గోడ మీద ఆ హెచ్చరిక అంటించింది కూడా నేనే. వెళ్ళి దాన్ని చించి వచ్చాను.

పెద్దసారు

మా పైవాణ్ణి పెద్దసారు అనే పిలుస్తాను. బాగా భూములున్న ఇంటి మనిషి. బంధువుల్లో సగం మంది రాజకీయాల్లో ఉన్నారు. చేతి నేర్పున్న సర్జన్ కావాల్సినవాడు, ప్రారంభోత్సవాలు మరిగి పాడైపోయాడు. మా ఆసుపత్రిలో ఒక వార్డును కట్టినప్పుడొకసారి, సున్నం వేసినప్పుడొకసారి ప్రారంభించిన ఘనత ఆయనది. రెండుసార్లూ శిలాఫలకం వేయించారు. రోగుల బంధువులు వాటి మీద తువ్వాళ్ళు ఆరేసుకునేవాళ్ళు.

కణాలను ఒక్కొక్కటిగా చదివే ఆ కొత్త మిషను వచ్చిన రోజు ఆయన చెప్పిన మొదటి మాట, "ప్లాస్టిక్ కవరు తీయొద్దమ్మా."

"నడిపి చూడకపోతే పనిచేస్తుందో లేదో ఎట్లా తెలుస్తుంది సార్?"

"రిబ్బన్ కట్ చేయకముందే నడిపితే, ఇంగ ప్రారంభించేది దేన్నమ్మా?"

"పనిచేయకపోతే?"

"అది ఫంక్షన్ అయినాక చూసుకుందాం."

బిగించి చూపించడానికి బెంగళూరు నుంచి వచ్చిన ఇంజినీరు రోజూ పొద్దున ఉగ్గాని, బజ్జీ తిని, కవరు వంక చూస్తూ కూర్చుని, చివరికి వెళ్ళిపోయాడు. చీఫ్ గెస్టుగారి డేటు దొరకలేదు. దొరికిన డేటుకు ముహూర్తం కుదరలేదు. ముహూర్తం కుదిరినప్పుడు చీఫ్ గెస్టుగారు పార్టీ మారే పనిలో ఉన్నారు. మిషను మాత్రం పెళ్ళికూతురులా ముసుగేసుకుని అట్లాగే కూర్చుంది.

పిల్లలూ, ఇలాంటి బాసు మీకూ తగులుతాడు. చెడ్డవాడేమీ కాదు. మిషను తెప్పించింది ఆయనే, ఆ బంధువుల చుట్టూ తిరిగింది ఆయనే, అది నేను కాదనను. కాకపోతే మిషను రావడమే సైన్సు అనుకుంటాడు. ఆయనతో పోట్లాడి గెలవలేరు. ఆయన ఫోటోలో ఉన్నప్పుడు మీరు పనిలో ఉండటం నేర్చుకోండి.

ముగ్గురాయి

దానియేలు అనే కుర్రవాడు మంగంపేట ముగ్గురాయి గనుల్లో టిప్పర్ తోలేవాడు. సొంతూరు బద్వేలు పక్క. లోడింగ్ దగ్గర బండి ఆపుకుని ఉండగా స్టీరింగ్ మీదికి ఒరిగి ఫిట్స్‌తో కొట్టుకున్నాడు. బండి రోడ్డు మీద ఉండగా వచ్చి ఉంటే నేనీ కథ చెప్పేదాన్ని కాదు. స్కానింగులో కుడివైపు నాళాల ఉండ కనిపించింది. తీసేయాల్సిందే అన్నాడు సర్జన్. తీసిన ముక్కను పరిశోధనకు ఇస్తారా అని అడగడం నా పని.

మంచం పక్కన దానియేలు తల్లి మరియమ్మ ఉంది. తండ్రి ఎప్పుడో పోయాడు. తండ్రి తల్లి సువార్తమ్మ అవ్వ వరండాలో గోడకానుకుని కూర్చుని, వచ్చేపోయే నర్సులకు వాళ్ళ పని ఎట్లా చేయాలో చెబుతోంది.

ఎట్లాగూ తీసేసే ముక్కే, పారేయకుండా చదువుతాం, దీనివల్ల మీవాడికి జబ్బు నయం కాదు, అది సర్జన్ చేతిలో ఉంది అని ఉన్నమాట చెప్పాను.

"మరి దాంట్లో ఏం తెలుస్తాది మేడం?" అంది మరియమ్మ.

"ఈ చిక్కు ఎందుకొచ్చిందో కొంత తెలియొచ్చు."

ఆమె వరండా వైపు చూసి గొంతు తగ్గించింది. "వీడు కడుపులో ఉండంగ నేను ముగ్గురాయి మోసినా మేడం, గనుల్లో. నెలలు నిండేదాకా మోసినా. వీనికి చిన్నప్పట్నుంచి తలనొప్పి. నొప్పొచ్చినపుడల్లా మా యత్త అదే మాట. నెత్తిన రాళ్ళు మోసి కడుపులో బిడ్డ తలకాయ చెడగొడితివి అంటాది. ఇప్పుడు చర్చిలో ఆడోళ్ళు గూడా అంటాండారు. నా వల్ల వచ్చిందా, కాదా? అదొకటి చెప్తారా?"

"రాళ్ళు మోస్తే ఇట్లాంటిది రాదమ్మా."

"మీరు ధైర్యానికి చెప్తాండారు. ఊరికే చెప్పొద్దు, చూసి చెప్పండి."

నా ఉద్యోగంలో పెద్ద పెద్ద ప్రొఫెసర్లు ఎవరూ నన్ను అంత సూటిగా సాక్ష్యం అడగలేదు. ఆమెకు అర్థమయ్యేలా చెప్పాను. అమ్మ నుంచో నాయన నుంచో దిగిన లోపమైతే వాడి ఒంట్లో ప్రతి కణంలో ఉంటుంది, రక్తంలోనూ ఉంటుంది. రక్తంలో లేకుండా ఆ చిక్కులో మాత్రమే ఉంటే, అది ఎవరి నుంచీ దిగింది కాదు. రెండూ పక్కపక్కన పెట్టి చూసి చెబుతాను అన్నాను. దానియేలు పెట్టాక, సాక్షిగా ఆమె కూడా వేలిముద్ర కాకుండా సంతకమే పెట్టింది, అక్షరం అక్షరం కూడబలుక్కుని.

ఐసు పెట్టెకు బొట్టు

చీఫ్ గెస్టుగారి డేటు దొరికింది. ఏ రోజు? దానియేలు ఆపరేషన్ రోజే. పెద్దసారు ఆనందానికి పట్టపగ్గాల్లేవు. "అదే రోజు తీసిన ముక్క, చీఫ్ గెస్ట్ చేతుల మీదుగా మిషన్లోకి. ఆలోచించమ్మా, ఎట్లుంటుందో ఫోటో."

"సార్, ఆ కణాలు ఎక్కువసేపు బతకవు. ఆయన ఆలస్యంగా వస్తే?"

"పది గంటలకల్లా వస్తామని పీఏ చెప్పినాడమ్మా."

రాజకీయ నాయకుడి పీఏ చెప్పిన టైమును నమ్మి మెదడు ముక్కను పందెం కట్టిన ఆసుపత్రి మాదొక్కటే అయ్యుంటుంది. రాహుకాలం రాకముందే, తెల్లవారుజామునే సర్జన్ పని మొదలుపెట్టాడు. చెయ్యి తిరిగిన మనిషి, చిక్కును చక్కగా తీసి ఇచ్చాడు. ఐసు పెట్టెలో పెట్టుకుని నేను లాబుకు పరిగెత్తబోతుంటే, పెద్దసారు మనుషులు వచ్చి పెట్టెను స్టేజీ మీదికి పట్టుకెళ్ళడానికి నిలబడ్డారు. ఒక్క నిమిషం అని తలుపేసుకుని, ముక్కలోంచి చిన్న తునక కోసి చిన్న ట్యూబులో వేశాను. దాన్ని వెంటనే ద్రవ నైట్రోజన్లో ముంచితే కణాలు చచ్చినా లోపలి సరుకు చెడకుండా ఉంటుంది. కానీ మాకు ద్రవ నైట్రోజన్ యాడుంది? దాని ప్రారంభోత్సవం కూడా కాలేదు.

నా దగ్గర పీజీ చేస్తున్న సలీమాది కర్నూలు పాతబస్తీ. "పశువుల ఆసుపత్రిలో ఉంటాది మేడం," అంది. "మా మామకు బర్రెలు ఉండాయి. సూది మందు వేయించనీకి పోయినప్పుడు చూసినా. కోడెల వీర్యం దాంట్లోనే పెడతారు."

"వాళ్ళు ఒప్పుకుంటారా?"

"అడిగేదానికేముంది మేడం," అని ట్యూబును ఐసులో పెట్టుకుని స్కూటీ ఎక్కింది. అక్కడి డాక్టరు ట్యూబు వంక చూసి, "ఇది ఏ జాతిదమ్మా?" అని అడిగాడట. "మంగంపేట టిప్పర్ డ్రైవరుది సార్" అందట ఈమె. ఆయన ఇంకేమీ అడగకుండా డబ్బా మూత తీశాడట. నా సర్వీసులో ఒక ప్రభుత్వ శాఖ మరో శాఖకు ఇంత త్వరగా సాయం చేయడం నేను మళ్ళీ చూడలేదు.

స్టేజీ మీద ఐసు పెట్టెకు పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశారు. పది గంటల చీఫ్ గెస్టుగారు ఆ లోపల ఒక పెట్రోలు బంకు, ఒక క్రికెట్ పోటీ, రెండు పెళ్ళిళ్ళు చూసుకుంటున్నారు. పేపరువాళ్ళు వచ్చినప్పుడల్లా పెట్టె మూత తీసి చూపిస్తున్నారు. కొడుకు ఐసీయూలో ఉన్నందున బయట పడిగాపులు కాస్తున్న మరియమ్మ, అత్త ఇద్దరూ హాలు గుమ్మం దగ్గరికి వచ్చారు.

"మన ఇంట్లో ఎవురికీ బొట్టు ల్యాకపోయినా వాని మెదడుకు పెట్టిరి," అంది అవ్వ.

మరియమ్మ ఆ మాట పట్టించుకోలేదు. "అంతసేపు పెట్టొచ్చా మేడం, దాన్ని?" అని అడిగింది. పెట్టకూడదమ్మా అని మాత్రం చెప్పగలిగాను.

పొద్దు వాలుతుండగా చీఫ్ గెస్టుగారు వచ్చారు. పుణ్యకాలం కాస్తా ఎప్పుడో గడిచిపోయింది. రిబ్బన్ కత్తిరించారు, మిషను ముందు టెంకాయ కొట్టారు, నీళ్ళు కొన్ని మిషను మీద కూడా పడ్డాయి. ప్రతి మండలానికీ ఇలాంటి మిషను ఒకటి ఇప్పిస్తానని మాటిచ్చారు. అది ఏం చేస్తుందో అప్పటికి ఆయనకు ఎవరూ చెప్పలేదు. తర్వాత కూడా చెప్పలేదనుకుంటాను.

జనం వెళ్ళాక కణాలను విడదీసి, నీలం రంగు కలిపి మైక్రోస్కోపులో పెట్టాను. చచ్చిన కణం ఆ రంగు పీల్చుకుంటుంది, బతికున్నది పీల్చుకోదు. ఎటు చూసినా నీలమే. పెద్దసారు వంగి చూసి, "ఎంత బాగుందమ్మా కలరు" అని ఫోన్లో ఫోటో తీసుకున్నారు. తెల్లవారి పేపర్లో అది రంగుల్లో వచ్చింది. కింద "జీవకణాల అద్భుత దృశ్యం" అని రాశారు. నేను చూసిన శవాల ఫోటోల్లో అంత అందమైనది ఇంకొకటి లేదు.

కోడెల పొరుగున

రాయలసీమ మనిషి మెదడు రక్తనాళం అలా కొన్నాళ్ళు ఒంగోలు జాతి కోడెల పొరుగున కాపురం ఉంది. కవరు తీసిన మిషనును ఇంజినీరు మళ్ళీ వచ్చి సరిచేశాడు, టెంకాయ నీళ్ళు తుడవడంతో సహా. అప్పుడు సలీమా వెళ్ళి ట్యూబు తెచ్చింది. గడ్డకట్టిన ముక్క కరిగితే కణం పగిలిపోతుంది, లోపలి కేంద్రకం మాత్రం గట్టిగానే ఉంటుంది. మేము ఆ కేంద్రకాలనే ఒక్కొక్కటిగా చదివాం. బతికున్న కణం చెప్పినంత చెప్పదు గానీ, మాకు కావలసింది చెప్పింది. ఎవరికీ చెప్పకుండా చేశాం. చెబితే దానికీ షామియానా వేస్తారని భయం.

నాళం గోడ కణాల్లో, వాటిలోనూ కొన్నింటిలోనే, ఒక జన్యువులో ఒక్క అక్షరం మారి ఉంది. కణం పెరగాలా, ఆగాలా అని చెప్పే జన్యువు అది. ఆగు అనే మాట పోయి, పెరుగు పెరుగు అని ఒకటే పోరు పెడుతోంది. పక్కనున్న కండర కణాల్లో ఆ మార్పు కనిపించలేదు. దానియేలు రక్తంలో లేదు. ఒక్క మిషను మాట మీద నమ్మకం పెట్టుకోకూడదని, ఇంకోచోట ఇంకో పద్ధతిలోనూ పరీక్ష చేయించాను. అక్కడా అదే వచ్చింది.

పెద్దసారు పొంగిపోయి పేపరువాళ్ళను పిలుస్తానన్నారు. "పశువుల ఆసుపత్రి మాట మాత్రం ఎత్తొద్దమ్మా, బాగుండదు" అన్నారు. పరిశోధన వ్యాసంలో సలీమా "ముక్కను ద్రవ నైట్రోజన్లో నిల్వ చేశాము" అని రాసింది. ఎవరి నైట్రోజన్ అని ఏ పత్రికవాడూ అడగలేదు.

ఈ పని గురించి మీరు గొప్పలు వింటారు కాబట్టి చెబుతున్నాను. దానియేలును బతికించింది మా మిషను కాదు, సర్జన్ కత్తి. ఈ చదువు వల్ల ఎప్పటికైనా మందు వస్తుందేమో, అప్పటికి నేను ఉండను. చాలా రోజులు మీరు చేసేది కంప్యూటర్లో చుక్కల గుంపులు చూసి, ఈ గుంపు ఏమిటి, ఆ గుంపు ఏమిటి అని కొట్లాడుకోవడమే. దానికి సిద్ధపడి రండి.

చూసి చెప్పడం

పరిశోధన ఫలితాలు రోగి ఇంటికి వెళ్ళి చెప్పే ఆనవాయితీ మా దగ్గర లేదు. వ్యాసం అచ్చయితే చాలు, చేతులు దులుపుకుంటారు. నేను ఇంటికి వెళ్ళి చెప్పడానికి ఆసుపత్రి నుంచి అనుమతి కాగితం తీసుకుని, బద్వేలు బస్సెక్కాను.

దానియేలు కోలుకున్నాడు. ఫిట్స్ మాత్రలు వాడుతున్నాడు కాబట్టి టిప్పర్ తోలకూడదన్నారు, చర్చి పక్కన పంచర్ల అంగడి పెట్టుకున్నాడు. మరియమ్మ వాకిట్లో చేట ముందర పెట్టుకుని శనక్కాయలు ఒలుస్తోంది. అవ్వ కొంచెం ఎడంగా నులకమంచం మీద ఉంది.

"చూసినారా మేడం?" అంది మరియమ్మ. రండి, కూర్చోండి అనడం కూడా తర్వాతే.

"చూశానమ్మా. వాడి రక్తంలో లేదు. ఆ చిక్కులో మాత్రమే ఉంది. నీ నుంచి దిగింది కాదు, వాళ్ళ నాయన నుంచి దిగింది కాదు. కణాలు ఒకటి రెండవుతూ పెరిగేటప్పుడు ఒకచోట తప్పు పడింది, అంతే."

"కడుపులో ఉండంగనే పడిందా ఆ తప్పు?"

నేను అబద్ధం చెప్పదలచుకోలేదు. "కడుపులో ఉన్నప్పుడే పడి ఉండొచ్చు. కానీ రాళ్ళకూ దానికీ సంబంధం లేదు. ఇదే తప్పు వేరే దేశాల్లో ఈ జబ్బు వచ్చినవాళ్ళలోనూ దొరికింది. ముగ్గురాయి ఎట్లుంటుందో వాళ్ళ అమ్మలకు తెలియనే తెలియదు."

సంతోషపడుతుందనుకున్నాను. ఆమెకు కోపమొచ్చింది. "ఎవురి తప్పూ కాదా? మరి ఇన్నేండ్లు నేను పడితినే మేడం. వాడు తల పట్టుకోని ఏడిసినపుడల్లా నా చేతులు నరుక్కుందామనిపిస్తాండె." చేట పక్కకు తోసింది. "మళ్ళా చెప్పండి. ఆమెకు ఇనపడేటట్టు చెప్పండి."

మంచం వైపు తిరిగి, మొదటినుంచి మళ్ళీ గట్టిగా చెప్పాను. అవ్వ నా మొహంలోకి చూస్తూ విన్నది.

"రక్తంలో లేదా? బాగా చూసినారా?"

"రెండు చోట్ల చూశామవ్వా."

"మా యన్న ఒకడు ఉండె," అంది అవ్వ. గొంతు సగానికి సగం తగ్గిపోయింది. "బాయికాడ నురగ కక్కోని పడిపాయ, మళ్ళ లెయ్యల్యా. ఎవురికీ చెప్పొద్దనె మా యమ్మ. ఈ ఇంటికొచ్చినాక నేను గూడా చెప్పల్యా. పిల్లోడు తల పట్టుకునేటప్పటికి నాకు గుండె జారిపాయ. మా రక్తమే దిగిందేమో అని. అందుకే రాళ్ళు, రాళ్ళు అంటాంటి."

మీ అన్నది వేరే జబ్బు అయ్యుండొచ్చు, దాని సంగతి నాకు తెలియదు, కానీ ఇది నీ నుంచి కూడా రాలేదవ్వా అని చెప్పాను. ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది.

నాకు అక్కడ ఉండాలో, లేచి రావాలో తెలియలేదు. చివరికి మరియమ్మ ఒళ్ళో పడ్డ పొట్టు దులుపుకుని లేచి, మంచం దగ్గరికి వెళ్ళి, ముసలామె చెయ్యి పట్టుకుంది.

"లెయ్ అత్తా," అంది. "మేడం గూడా ఉండాది. ముగ్గురం కూడు తిందాం."